తిరగవేసిన తొమ్మిదేళ్లు

రిసాన్‌లో దర్జీ వాసో మాటంటే మాటే అని పేరు. ఆ ఊరు ఆనుకున్న సముద్రపు పాయ చుట్టూ ఉన్న ఊళ్లలో జరీ పని చేసే దర్జీలు ఇంకా చాలామంది ఉన్నారు. కోటోర్‌లో అయితే వాసో కంటే చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఉన్నారు. కానీ పెళ్లి దగ్గరపడ్డవాళ్లు వాసో గడపే తొక్కేవారు. శనివారం ఇస్తానంటే శుక్రవారం సాయంత్రానికే బట్ట మడతపెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి, కొట్టు గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

ఆ పేరు నిలబెట్టుకోవడానికే అతను బతుకులో ఒకే ఒక్క దొంగతనం చేశాడు. అదీ సొంత ఇంట్లో.

ఆ ఏడు చలికాలం ముందు వచ్చే దిమిత్రి పండుగ తరువాతి ఆదివారం కెప్టెన్ ట్రిఫున్ కొడుకు పెళ్లి. పెళ్లికొడుకు తొడుక్కునే దోలమా, అంటే మోకాళ్ల దాకా వచ్చే ఆకుపచ్చ అంగీ, వాసోకి అప్పగించారు. చేతులూ మెడా అయిపోయాయి. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి జరీ నిండుకుంది. ట్రియెస్టె నుంచి సరుకు తేవలసిన ఓడ దక్షిణపు గాలికి జడిసి ఏదో దీవి చాటున లంగరు వేసుకుని కూర్చుంది. పన్నెండు రోజులుగా ఒకటే వాన. కొండల మీద మబ్బు దిగి, ఎదురుగా ఉన్న ఒడ్డు కూడా కనబడడం లేదు.

కెప్టెన్ గొడుగు మడిచి కొట్టులోకి వచ్చాడు.

"ఏమయ్యా వాసో, మావాడి దోలమా ఎంతవరకు వచ్చింది?"

"మెడ అయిపోయింది కెప్టెన్‌గారూ. చేతులు అయిపోయాయి. ఛాతీ ఒక్కటే..."

"ఛాతీ లేని పెళ్లికొడుకేమిటయ్యా! మెడ చాచి చూపించుకోవడానికి మావాడేమన్నా కొంగా?"

"ఓడ రావాలండీ."

"ఓడ సంగతి నాకు చెప్తావా? నలభై ఏళ్లు సముద్రం మీదే బతికాను. ఆ గాలి ఇంకో పది రోజులదాకా వదలదు. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, కోటోర్‌లో ఆ కుంటాయన దగ్గర జరీ ఉందట, అక్కడికి పంపించేస్తాను."

కోటోర్ కుంటాయన పేరు వినగానే వాసోకి ఒళ్లు మండింది.

"శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి," అన్నాడు.

కెప్టెన్ వెళ్లిపోయాక, తను ఏమన్నాడో తనకే అప్పుడు వినబడింది.

అప్పటికి వాసో భార్య స్తానా తమ్ముడు పోయి ఆరు నెలలు. నల్లసముద్రం రేవులో జ్వరంతో పోయాడని ఉత్తరం వచ్చింది. స్తానా తన జడ కోసి, కొండమీద పుట్టినూరి స్మశానంలో, శవం లేని గుంటలో పెట్టి వచ్చింది. ఆ ప్రాంతంలో ఎవరైనా పోతే ఇంటివాళ్లు బట్టలు లోపలి వైపు బయటికి వచ్చేలా తొడుక్కుంటారు. ఫలానా ఇల్లు 'తిప్పింది' అంటే ఆ ఇంట్లో చావు వచ్చిందని అర్థం. తిప్పిన ఆడది ఏడాదిపాటు పాడదు, పెళ్లిళ్లలో చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడే వలయంలో అడుగు పెట్టదు. స్తానా కూడా తన పెళ్లికోటు తిప్పింది. అప్పట్నించి ఆదివారం గుడికి వెళ్తే లోపలి నీలం అస్తరే లోకానికి కనబడుతోంది, జరీ ఆమె గుండెల వైపు ఉండిపోయింది.

ఆ వారం స్తానా తమ్ముడి ఆర్నెల్ల ప్రార్థనకని పుట్టింటికి వెళ్లింది. వానలో కొండదారి కదా అని మంచి కోటు పెట్టెలోనే ఉంచి, గొర్రెబొచ్చు కంబళి కప్పుకుని వెళ్లింది.

వాసో కొట్టు తలుపు గడియ పెట్టి పైకి వెళ్లి పెట్టె తెరిచాడు.

ఆ కోటు అతని చేతిదే. పాతికేళ్ల వయసులో, గురువుగారి కొట్టులో పని ముగిశాక మిగిలే పొద్దులో కుట్టుకున్నాడు. రెండువైపులా నడుము దగ్గర మొదలై భుజం దాకా పాకే దానిమ్మ కొమ్మ, ఒక్కో వైపు మూడేసి కాయలు. జరీ గుడ్డలోకి దూరదు. పైన పరిచి, సన్నటి పసుపు పట్టుదారంతో అంగుళానికి ఇరవై కుట్లు వేసి అదిమి పట్టాలి. ఆ పట్టుదారాన్ని కత్తిమొనతో తెంచుతూ పోతే జరీ తాడులా లేచి వస్తుంది. తెంచుతుంటే తెలిసింది వాసోకి, కుర్రతనంలో తను ఎంత దగ్గర దగ్గరగా కుట్టాడో. ఇరవై చాలేచోట ముప్పై వేసి ఉన్నాడు. ఒక్కో కుట్టూ వదలనని మొండికేసింది.

రెండు పగళ్లు పట్టింది. జరీని వెచ్చటి రొట్టెముక్కల పొడితో రుద్ది తుడిచి కండెకు చుట్టాడు. కోటు మీద దానిమ్మ కొమ్మ ఉన్నచోట గుడ్డ ఎండకు వెలిసిపోలేదు. అందుకని జరీ పోయినా కొమ్మ నీడ ముదురు ఆకుపచ్చగా అలాగే నిలబడింది. కోటును మళ్లీ అస్తరు బయటికి ఉండేలా తిప్పి, ఎలా ఉన్నది అలా మడిచి, లావెండరు రెమ్మలు కూడా ఎక్కడివి అక్కడ పెట్టాడు.

'తిప్పింది కదా, ఇంకో ఆర్నెల్లు లోపలివైపు ఎవరు చూస్తారు? ఓడ రాగానే మళ్లీ కుట్టేస్తాను. దానికి తెలియనే తెలియదు.'

శుక్రవారం సాయంత్రం కెప్టెన్ వచ్చేసరికి దోలమా తెల్లగుడ్డ కింద సిద్ధంగా ఉంది.

పుట్టింటి నుంచి తిరిగొచ్చిన స్తానా ఆదివారం పెట్టె తెరిచి కోటు తీసి, ఒక చెయ్యి దూర్చి, కిటికీ వైపు చూస్తూ క్షణం ఆగింది. తరువాత వాసో మొహం చూసింది. ఆమె రెండో చెయ్యి కూడా దూర్చి, "పద, గుడిలో రెండో గంట కూడా కొట్టేశారు," అంది. వాన కూడా వెలిసింది. దేవుడు తనవైపే ఉన్నాడనిపించింది వాసోకి.

ఓడ వచ్చింది. జరీ వచ్చింది. దానితో పాటే క్రిస్మస్ పనులూ వచ్చాయి. తరువాత కొత్త సంవత్సరం పెళ్లిళ్లు, తరువాత ఈస్టర్. పరాయివాళ్లకిచ్చిన గడువు ఒక్కటి తప్పలేదు. ఇంట్లో పనికి గడువు పెట్టినవాళ్లు లేరు గనక అది రేపటికి, ఎల్లుండికి జరుగుతూ పోయింది. తమ్ముడి సంవత్సరీకం వారంలోకి వచ్చేసింది. వాసోకి అన్నం సయించడం మానేసింది. ఆ బుధవారం స్తానా నీళ్లకడవ దించుతూ అంది:

"గ్రాహోవోలో మా మేనత్త పోయిందట. ఈ ఏడు కూడా తిప్పే ఉంచుతాను."

"అయ్యో పాపం. దేవుడు ఆమెకు మంచిచోటు చూపించాలి," అన్నాడు వాసో. ఎన్నడూ చూడని ఆ మేనత్త కోసం గుడిలో కొవ్వొత్తి వెలిగించాడు. ఏ చావుకూ అంత మనస్ఫూర్తిగా వెలిగించి ఎరగడు.

ఆ ఏడాదీ అలాగే గడిచింది. ఆ పై ఏడు స్తానా చిన్నాన్న కోడలు పోయింది. ఆ తరువాత కూతురికి జ్ఞానస్నానం చేయించిన పెద్దాయన తల్లి, తొంభై దాటిన మనిషి. చుట్టరికం దూరమయ్యేకొద్దీ ఊళ్లో నవ్వులు మొదలయ్యాయి. పక్క కొట్టులో తోలుచెప్పులు కుట్టే నీకో రోజూ కాఫీకి వచ్చి కదిపేవాడు.

"ఏం బావా, ఈసారి ఎవరు పోయారు?"

"మా ఆవిడ మేనమామ తోడల్లుడు."

"మీ ఆవిడకి చుట్టాలు ఎక్కువా, చావులు ఎక్కువా?"

"చావులే. పక్కింటి గాడిద పోయినా ఏడాదిపాటు తిప్పుతుంది మా ఆవిడ."

కొట్టంతా ఘొల్లుమంది. వాసో కూడా నవ్వాడు. పైన మెట్ల మీద అడుగులు వినబడి, ఆగి, వెనక్కి వెళ్లినట్టు అనిపించింది. పిల్లి కాబోలు అనుకుని నవ్వు కొనసాగించాడు.

స్తానా గొంతు ఆ ఊరికి తెలుసు. తిప్పకముందు ఏ పెళ్లిలోనైనా ఆడవాళ్ల పాటకు మొదటి చరణం ఆమే ఎత్తేది. ఆమె ఎత్తితే మిగతావాళ్లు ఆ ఎత్తు అందుకోవడానికి మునివేళ్ల మీద లేచేవారు. కూతురు గోస్పావ పెళ్లినాడు ఇంటిముందు రాతిపలకల మీద వలయం కట్టారు. స్తానా గోడకు ఆనుకుని నిలబడి ఉంది, నీలం అస్తరుతో.

గోస్పావ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, ఈ ఒక్కరోజుకీ తిన్నగా తొడుక్కోవే. ఒక్క పాట ఎత్తు. అందరూ అడుగుతున్నారే!"

"మీ నాన్న మేనమామ పోయి మూడు నెలలు కూడా కాలేదు కదే. బాగుంటుందా?"

"ఆయన్ని నువ్వు రెండుసార్లు చూశావేమో! నాన్నా, నువ్వైనా చెప్పు."

వాసో చేతిలో వైను గ్లాసు ఉంది. వలయంలో వాళ్లంతా ఇటే చూస్తున్నారు. స్తానా కూడా చూసింది. అందరికన్నా ఎక్కువసేపు చూసింది.

"ఆచారం ఆచారమే తల్లీ," అన్నాడు వాసో.

గోస్పావ మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. పాట ఎవరో ఎత్తారు. మొదటి చరణమే కింది శ్రుతిలో ఎత్తడంతో చివరిదాకా అక్కడే సాగింది.

తొమ్మిదో చలికాలం స్తానా మంచం పట్టింది. కోటోర్ నుంచి వచ్చిన డాక్టరు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పి, ఈస్టర్ నాటికి లేస్తుందా అనగానే మాట మార్చాడు. మంచం కిటికీ దగ్గరికి జరిపారు. అక్కడినుంచి సముద్రమూ, ఓడల తెరచాపలూ కనబడతాయి. చలికాలంలో కూడా మధ్యాహ్నం ఒక గంటసేపు ఎండ సరిగ్గా ఆ మంచం మీదే పడేది. ఆ గంట కోసమే రోజంతా ఉన్నట్టుండేది.

వాసో అప్పుడు మొదలుపెట్టాడు. వచ్చిన పనులన్నీ వెనక్కి పంపేశాడు. 'వల్ల కాదు' అన్న మాట అతని నోట మొదటిసారి విని జనం తెల్లబోయారు. కింద కొట్టులో తలుపు వేసుకుని కోటు ఒళ్లో పరుచుకున్నాడు. కొమ్మ ఎక్కడెక్కడ పాకాలో గుడ్డే చెబుతోంది, ముదురు నీడలో. చెయ్యి చెప్పిన మాట వినడం లేదు. కుర్రతనంలో అంగుళానికి ముప్పై వేసిన చెయ్యి ఇప్పుడు పదిహేనుకే అలిసిపోతోంది. కళ్లజోడు పెట్టుకున్నా పట్టుదారం సూదిలోకి ఎక్కడానికి నాలుగుసార్లు పడుతోంది.

పైనుంచి కర్రతో నేల మీద కొట్టింది స్తానా. కోడిసూపు గిన్నె పట్టుకుని వెళ్లాడు.

"పొద్దున్నించీ ఏం కుడుతున్నావయ్యా?"

"హెర్సెగ్ నోవిలో ఒకావిడ కోటు."

"ఎవరావిడ?"

"నీకు తెలీదులే. నోరు తెరువు."

ఒక చెంచా మింగింది. "నా ఎత్తే ఉంటుందా ఆవిడ?"

వాసో చెంచా గిన్నెలో పెట్టేశాడు. వీధిలో ఎవరో మేకను అదిలిస్తున్నారు. ఆ కేకలు దూరమయ్యాక అడిగాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"తొడుక్కున్నరోజే."

"పెట్టెలో మడత ఎలా ఉన్నది అలాగే పెట్టానే."

"మడతదేముంది! జరీ తూకం వేసి కొనేవాడివి నువ్వు. ఇరవై ఏళ్లు మోసిన భుజానికి తూకం తెలీదనుకున్నావా?" స్తానా నవ్వబోయి దగ్గింది. "ఒక చెయ్యి దూర్చగానే కోటు పైకి లేచిపోయింది, కోడిఈకలాగా. దొంగలు పడ్డారేమో అనుకున్నా. తరువాత నీ మొహం చూశా."

అది వాసోకి తట్టనే లేదు. కంటికి కనబడకుండా దాచడం గురించే ఆలోచించాడు. ముప్పై ఏళ్లుగా త్రాసు పట్టుకున్న మనిషి బరువు సంగతి మరిచిపోయాడు.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నా. క్రిస్మస్‌కి చెప్తావేమో అనుకున్నా. ఆ పొద్దున కట్టె పొయ్యిలో పెట్టేటప్పుడు నోరు తెరిచావు కూడా. తీరా చూస్తే ఉప్పు ఎక్కడుందని అడిగావు. తరువాత ఈస్టర్‌కనుకున్నా. ఈలోపు మా మేనత్త పోయింది. సరే, నీకు ఇంకో ఏడు గడువు దొరికింది అనుకున్నా."

"అంటే వాళ్లందరికీ నువ్వు తిప్పింది..."

"జరీ దర్జీ పెళ్లాం ఒంటిమీద జరీ లేకపోతే నీ కొట్టు గుమ్మం ఎవరు తొక్కుతారయ్యా? నీ మేనమామకి కూడా అందుకే. ఆయనంటే నాకు గిట్టేదే కాదు."

వాసో తల ఎత్తలేదు. "గోస్పావ పెళ్లిలో..."

"ఆరోజు మాత్రం కొంచెం కష్టమైంది," అంది స్తానా.

ఇప్పుడు చెప్పాలి. తప్పు చేశాను, క్షమించు అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. అతని నోటికి గడువులు చెప్పడమే అలవాటు.

"ఈస్టర్ కల్లా పూర్తి చేస్తాను. తిన్నగా తొడుక్కుని గుడికి వద్దువుగాని. చూడు కావాలంటే."

"సరే," అని స్తానా గోడవైపు తిరిగి పడుకుంది.

ఈస్టర్‌కు పదిరోజుల ముందు, ఆ మధ్యాహ్నపు ఎండ మంచం మీద ఉండగానే ఆమె పోయింది. అప్పటికి ఎడమవైపు కొమ్మ పూర్తయింది. కుడివైపు రెండు ఆకులు మాత్రం పడ్డాయి.

మర్నాడు పొద్దున ఆడవాళ్లు స్నానం చేయించి బట్టలు వెయ్యడానికి వచ్చారు. వాళ్లకు పెద్ద ఇకోనియా. డెబ్బై దాటిన మనిషి, నోరు మంచిది కాదు, గొంతు మాత్రం మంచిది. ఆ ఊళ్లో ఎవరు పోయినా శవం పక్కన నిలబడి ఏడుపుపాట కట్టేది ఆవిడే. పోయిన మనిషి బతుకంతా, మంచీ చెడూ, ఆ పాటలోకి వస్తుంది. ఆమె పాడిందే ఊరికి జ్ఞాపకం ఉంటుంది.

చనిపోయినవాళ్లకు బట్ట తిప్పకూడదు. దుఃఖం బతికున్నవాళ్లది. ఇకోనియా కోటు అందుకుని, చేతులు లోపలికి దూర్చి ఒక్క విసురుతో తిన్నగా తిప్పింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇకోనియా వాళ్లను నీళ్లకీ, తులసికొమ్మలకీ బయటికి పంపేసి తలుపు దగ్గరగా వేసింది.

"ఒరే వాసో, ఏమిట్రా ఇది?"

వాసో గోడపక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఊరంతా చూస్తుంది. నేనొక మాట అనాలి కదా. చిమ్మట్లు కొట్టాయంటాను. లేకపోతే మొక్కు తీర్చుకుని జరీ మఠానికి ఇచ్చేసిందంటాను, అది ఇంకా బాగుంటుంది. నేనేది పాడితే అదే నిజంరా ఈ ఊళ్లో, యాభై ఏళ్లుగా. ఏదనమంటావో చెప్పు."

వాసో చెప్పాడు. ఓడ దగ్గరనుంచి మొదలుపెట్టి, మేనత్త, మేనమామ, గోస్పావ పెళ్లి, కోడిసూపు గిన్నె, అన్నీ చెప్పాడు. చెప్పేటప్పుడు కోటు వైపే చూస్తూ చెప్పాడు. ఇకోనియా మంచం అంచున కూలబడింది.

"దాన్ని 'చావుల కోడి' అని పేరు పెట్టింది నేనేరా," అంది. "బావి దగ్గర మొహం మీదే అనేదాన్ని. నవ్వి కడవ ఎత్తుకుని పోయేది."

"నేనూ అన్నాను పెద్దమ్మా. కొట్టులో కూర్చుని."

ఇకోనియా కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. స్తానా చేతుల్ని కోటులోకి నెమ్మదిగా దూర్చింది. పసిపిల్లకు తొడిగినట్టు తొడిగింది.

"జరిగింది జరిగినట్టే పాడతాను. కానీ నీ పేరెత్తను. ఆడదాని ఏడుపుపాటలో మొగుడి తప్పు ఎత్తడం మా అమ్మ నాకు నేర్పలేదు. 'ఒక చెయ్యి' అంటాను. అంతే."

ఆమె అంతవరకైనా కాపాడుతుందని వాసోకి గుండెలో ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి తనకు బాగా తెలిసినదే. మేనత్త పోయినరోజు కలిగింది కూడా ఇదే.

ఇంటిముందు రాతిపలకల మీద శవపేటిక దించారు. మూత ఇంకా వెయ్యలేదు. మగవాళ్లు టోపీలు తీసి ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. గోస్పావ అత్తవారి ఊరినుంచి పడవలో వచ్చింది. నల్లకండువా కింద ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఒక పక్క నిండు బంగారంతో, ఇంకో పక్క సూదిబెజ్జాలతో స్తానా పడుకుని ఉంది. జనం మెడలు చాచి చూస్తున్నారు, చూడనట్టు తల తిప్పుకుంటున్నారు.

ఇకోనియా గొంతెత్తింది.

"గొంతున్న స్తానా, గొంతు మూసుకున్న స్తానా,
ఎవరికోసం తిప్పావమ్మా తొమ్మిదేళ్లు?
మేనత్తకా, మేనమామకా, ముక్కూమొహం ఎరగని ముసలమ్మకా?
మేమంతా నవ్వాము స్తానా, బావి గట్టున నవ్వాము.
ఒక చెయ్యి విప్పిందమ్మా నీ దానిమ్మ కొమ్మ,
ఒక చెయ్యి కోసిందమ్మా నీ పండ్లు,
చెట్టు బోసిపోయిందని లోకానికి తెలియనీయక
గుండెకు హత్తుకుని దాచావు స్తానా."

గుంపులో గుసగుస లేచింది. ఎవరి చెయ్యి? ఎవరో అన్నారు, ఏళ్లుగా ఇంట్లో పనికి వచ్చిపోయే కొండమనిషేమో అని. ఇంకెవరో అవునన్నట్టు తలూపారు. ఆ మనిషి, మారా అనే వితంతువు, ఆడవాళ్ల వెనకవరసలో, పోయినవాళ్ల పేరిట పంచే ఉడికించిన గోధుమల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. రెండు నెలలు స్తానాకి మంచం మీదే తల దువ్వింది ఆమె. తలలు తనవైపు తిరగడం చూసి, ఎందుకో తెలియక, పళ్లెం గట్టిగా పట్టుకుంది.

గోస్పావ తండ్రి చెవిదగ్గర అడిగింది. "ఎవరు నాన్నా? ఎవరు తీశారు?"

ఏడుపుపాట మధ్యలో మగవాడు నోరెత్తడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు.

"నేను," అన్నాడు వాసో. గోస్పావకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి, గుంపు చివరిదాకా వినబడేలా అన్నాడు. "ఆ చెయ్యి నాది. జరీ తీసింది నేను. కెప్టెన్ ట్రిఫున్ కొడుకు దోలమా కోసం తీశాను. స్తానాకి తెలుసు. నా పరువు కోసం తిప్పింది. చుట్టాల కోసం కాదు."

సూదిలో దారం ఎక్కించినంతసేపు కూడా పట్టలేదు. తొమ్మిదేళ్లు ఆమె ఎదురుచూసింది ఇంత చిన్న పనికి. ఇప్పుడు అందరూ విన్నారు. వినవలసిన మనిషి ఒక్కతే వినలేదు.

ఇకోనియా గొంతు ఆగలేదు. పాట తెగితే పోయినవాళ్లకు దారి తెగుతుందంటారు. ఊపిరి తీసుకుని, అతని పేరునే తరువాతి చరణానికి మొదలు చేసుకుని ముందుకు సాగింది. మారా వైపు తిరిగిన తలలు ఇటు తిరిగాయి. మారా పళ్లెం నేలమీద దించి, మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చింది.

గోస్పావ కదలకుండా నిలబడి ఉంది. "నా పెళ్లిలో కూడానా?"

"నీ పెళ్లిలో కూడా తల్లీ."

"నిన్ను అడిగాను నాన్నా. చెప్పమని నిన్నే అడిగాను."

"అడిగావు."

ఆమె అతని చెయ్యి వదిలేసి ఆడవాళ్లలోకి వెళ్లిపోయింది.

పెట్టె ఎత్తారు. గుడిదాకా ఎత్తుదారి, రాతిమెట్లు. వాసో వెనకాల ఒక్కడే నడిచాడు. మనుషులు అతనికి ముందూ వెనకా కొంత దూరం వదిలి నడుస్తున్నారు. రెండో మలుపు దగ్గర చెప్పులు కుట్టే నీకో తన వరస వదిలి వచ్చి పక్కన చేరాడు. వాసో అడుగు తడబడ్డప్పుడల్లా మోచెయ్యి కింద చెయ్యి వేసి, తిన్నగా నిలబడగానే తీసేశాడు.

పైన గుడి గంట మొదలైంది. ఆడవాళ్ల గుంపులో ఇకోనియా గొంతు అలిసి తగ్గుతూ వచ్చింది. ఒకచోట దగ్గు తెర వచ్చి పూర్తిగా ఆగబోయింది. అప్పుడు ఇంకో గొంతు అందుకుంది. పడుచు గొంతు, అలవాటు లేక మొదట్లో వణికింది. రెండో చరణానికి పైకి వెళ్లింది, ఇంకా పైకి వెళ్లింది. ముందు నడిచేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అది గోస్పావ. జరిగింది జరిగినట్టే పాడుతోంది. తండ్రి పేరు దాచకుండా, తగ్గించకుండా పాడుతోంది.

వాసో మెట్టు మీద ఆగి ఆ పాట విన్నాడు. అందులో తన పేరు వచ్చిన ప్రతిసారీ తల వంచాడు. తరువాత నీకో చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు ఎక్కాడు.